కాటా మీద కోచ్

నెబ్రాస్కాలోని బ్రౌలీ అనే ఊళ్ళో డెల్మర్ వోండ్రాను పేరు పెట్టి పిలిచేది అతని భార్య నడీన్ ఒక్కతే. మిగతా ఊరంతటికీ అతను కోచ్. హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుకు ముప్పై రెండేళ్ళు శిక్షణ ఇచ్చి రిటైరైన మనిషి. అన్నేళ్ళలో జట్టు జిల్లా కప్పు గెలిచింది ఒకే ఒక్కసారి. ఆ రోజు అవతలి జట్టు బస్సు మంచులో దిగబడింది, సగం మంది కుర్రాళ్ళు ఆటకే అందలేదు. అయినా ఊరు ఆ సంగతి మరిచిపోయి కప్పును మాత్రం గుర్తు పెట్టుకుంది. కోచ్ కూడా అంతే.

"బరువనేది కండల్లో ఉండదురా, బుర్రలో ఉంటుంది" అని అతను మూడు తరాల కుర్రాళ్ళకు నూరిపోశాడు. ఆ మాట నమ్మి బరువులెత్తి నడుములు పట్టేసుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళే ఇప్పుడు పొద్దున్నే కాఫీ హోటల్లో అతని చుట్టూ కూర్చుంటారు.

నడీన్ సంగతి వేరు. ఊరి చివర ధాన్యం గిడ్డంగి దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు కాటా మీద పని చేసింది. మొక్కజొన్న లారీ ఇంకా మలుపు తిరుగుతుండగానే టైర్ల వంక చూసి బరువు చెప్పేసేది. వంద పౌండ్లు అటూ ఇటూ అంతే. "గింజలు కాస్త తడిగా ఉన్నాయమ్మా, అందుకే బరువు" అని రైతు సణిగితే, "తడికి వేరే యంత్రం ఉంది, దీనికి బరువొకటే తెలుసు" అనేది. ఆ ఇంట్లో మాట్లాడే బాధ్యత డెల్మర్‌ది, లెక్క చూసే బాధ్యత ఆమెది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం అలాగే సాగింది.

డెల్మర్‌కు ఒక పికప్ ట్రక్కు ఉంది. ఎర్రటిది, నాలుగు తలుపులది, ముందు పళ్ళికిలించినట్టు మెరిసే ఇనుప జల్లెడ ఉన్నది. పదకొండు వేల మూడు వందల పౌండ్లు లాగుతుందని కంపెనీ కాగితంలో అచ్చేసింది. డెల్మర్‌కు తన పెళ్ళిరోజు ఒక్కోసారి గుర్తుండదు గానీ ఆ అంకె మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నిజానికి ఆ ట్రక్కు అప్పటిదాకా లాగిన బరువల్లా ఊరేగింపు రోజున బడి బ్యాండు వాయించుకుంటూ కూర్చున్న ఒక గడ్డిబండి.

రిటైరయ్యాక సౌత్ డకోటా కొండలకు వెళ్ళి ఒక నెల ఉండాలని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. అందుకోసం క్యాంపర్ కొనాలి. పడకగది, పొయ్యి, స్నానాలగది అన్నీ చక్రాల మీదే ఉండే ఇల్లు అది. ఏప్రిల్‌లో ఒక శనివారం పక్క పట్నంలో క్యాంపర్లు అమ్మే చోటికి వెళ్ళారు.

అమ్మకాలు చూసే కుర్రాడి పేరు ట్రెంట్. బూట్లు కొత్తవి, పళ్ళు తెల్లవి. ముప్పై అడుగుల క్యాంపర్ తలుపు తీసి, "ఎక్కండి కోచ్, ఇల్లంటే ఇది" అన్నాడు. లోపల సోఫా ఉంది, కరెంటుతో వెలిగే ఉత్తుత్తి నిప్పుల పొయ్యి ఉంది. డెల్మర్ సోఫాలో కూలబడి కాళ్ళు చాపేసరికి బేరం ముప్పాతిక వంతు తెగిపోయింది.

"దీన్ని నా ట్రక్కు లాగుతుందా?" అని అడిగాడు. అడగడం తెలుసుకోవడానికి కాదు, వినడానికి.

"మీ ట్రక్కా? దీన్ని వెనక కట్టిన సంగతి కూడా దానికి తెలీదు. ఇది ఆరువేల రెండు వందలు. మీది పదకొండు వేల మూడు వందలు. ఇంకో ముప్పాతిక క్యాంపర్ లాగే సత్తువ మిగిలిపోతుంది చూడండి."

నడీన్ పొయ్యి అరలు తెరిచి చూస్తూ, "ఆరువేల రెండు వందలంటే ఖాళీగానా?" అంది.

"అవునమ్మా, ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు."

"మరి మేం ఫ్యాక్టరీలోంచి రావట్లేదు కదా. గిన్నెలు, దుప్పట్లు, నీళ్ళు, తిండి వేసుకుని బయల్దేరతాం. అప్పుడెంత?"

"అవన్నీ చిల్లర సామాన్లమ్మా."

"నీళ్ళు గాలను ఎనిమిది పౌండ్లకు పైనే బాబూ. ట్యాంకులో నలభై గాలన్లు. చిల్లరే మూడు వందలు దాటింది" అని నడీన్ కిందికి దిగింది. పార్కింగులో ఉన్న ఎర్ర ట్రక్కు దగ్గరకు వెళ్ళి, డ్రైవరు తలుపు తీసి, లోపలి అంచున అంటించిన చిన్న కాగితాన్ని కళ్ళజోడు సర్దుకుని చదివింది. తిరిగొచ్చి, "డెల్, ట్రక్కు మొత్తం బరువు ఏడువేల పౌండ్లు దాటకూడదని అక్కడ రాసుంది. లాగడం ఒకటి, మొయ్యడం ఒకటి. ఈ క్యాంపర్ ముక్కు వచ్చి నీ ట్రక్కు వీపు మీద కూర్చుంటుంది. వెయ్యి పౌండ్ల దాకా ఉంటుంది ఆ ముక్కు" అంది.

"ఆ కాగితం లాయర్ల కోసం అంటిస్తారే" అన్నాడు డెల్మర్.

"సరిగ్గా చెప్పారు కోచ్" అన్నాడు ట్రెంట్, సంతకానికి కలం అందిస్తూ.

జూన్ మొదటి వారంలో ప్రయాణం. ముందురోజు పొద్దున డెల్మర్ ఇంటి ముందు క్యాంపర్‌ను ట్రక్కు కొక్కేనికి తగిలించాడు. ట్రక్కు తొట్టిలో మాంసం కాల్చే పెద్ద ఇనుప డ్రమ్ము, కరెంటు కోసం జనరేటరు, ఎండబెట్టిన ఓక్ కట్టెలు ఎక్కించాడు. అన్నీ ఎక్కాక నాలుగడుగులు వెనక్కి నడిచి చూసుకున్నాడు. ట్రక్కు వెనక భాగం నేల మీద చతికిలబడింది. ముక్కు మాత్రం ఆకాశం వైపు లేచింది, వాన వస్తుందేమోనని చూస్తున్నట్టు.

కాఫీ హోటలు జనం ఊరికే ఉంటారా? అరగంటలో నలుగురు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. నలుగురికీ డెల్మర్ దానికన్నా పెద్ద ట్రక్కులున్నాయి. వాటిలో వాళ్ళు మోసేది కాఫీ కప్పులూ, ఎప్పుడైనా ఒక కుక్కా.

"వెనక గాలి సంచులు పెట్టించండి కోచ్, లేచి కూర్చుంటుంది" అన్నాడు గార్విన్. పంతొమ్మిది వందల తొంభై ఒకటో ఏటి జట్టులో ఎడమవైపు ఆడినవాడు.

"గాలి సంచులెందుకు, ఇంకో కమాను పట్టీ వేయిస్తే చాలు" అన్నాడు హార్లన్. అతనిది కుడివైపు.

"లేకపోతే నాలాంటి ట్రక్కు కొనుక్కోండి" అన్నాడు మూడోవాడు. అతను ఎవరికైనా ఇచ్చే సలహా అదే. గుండెపోటు వచ్చిన బావమరిదికీ అదే చెప్పాడంటారు.

నడీన్ వరండాలోంచి అంతా విని, "గాలి సంచులు పెడితే కుంగినట్టు కనబడదు, అంతే గార్విన్. బిగుతు బెల్టు పెట్టుకుంటే పొట్ట తగ్గినట్టా?" అంది.

నలుగురి చూపులూ అప్రయత్నంగా కోచ్ పొట్ట మీదికి పోయి, మర్యాదగా వెనక్కి వచ్చేశాయి. డెల్మర్‌కు ముఖం కందగడ్డలా అయింది.

"సరే, తేల్చేద్దాం. పద నీ కాటా దగ్గరికి! ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చున్నావుగా దాని మీద. నా ట్రక్కుకు దమ్ముందో లేదో ఊరందరూ చూస్తారు" అన్నాడు.

నడీన్ వెంటనే లోపలికి వెళ్ళి హ్యాండ్‌బ్యాగు తెచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆమె ఈ మాట కోసమే ఏప్రిల్ నుంచి ఎదురుచూస్తోంది.

గిడ్డంగి దగ్గర ఇప్పుడు కాటా చూసేది టెస్సా అనే అమ్మాయి. నడీన్ దగ్గరే పని నేర్చుకుంది. జూన్‌లో లారీల రద్దీ ఉండదు కనుక ఆమె కూడా సరదాగానే ఉంది. కోచ్ వస్తున్నాడన్న కబురు ట్రక్కు కంటే ముందే చేరింది. కాఫీ హోటలు సగం ఖాళీ అయి గిడ్డంగి గోడ వారన నీడలో చేరింది. బేకరీ నడిపే ఆవిడ పండ్ల జాము నింపిన తీపి రొట్టెలు ఒక పళ్ళెం నిండా తెచ్చింది.

ట్రక్కు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా, క్యాంపర్ చక్రాలు బయట ఉండేలా డెల్మర్ బండి నిలిపాడు. పక్కనే నడీన్ కూర్చుంది. గోడ మీద ఎర్ర అంకెలు గిరగిరా తిరిగి ఆగాయి. ఏడువేల ఏడు వందలు.

"ఏడు వందలు ఎక్కువ" అని టెస్సా కిటికీలోంచి అరిచింది. అక్కర్లేదు, అందరికీ లెక్కలొచ్చు.

"కాటా సరిగ్గా ఉందా?" అన్నాడు డెల్మర్.

"మార్చిలో ప్రభుత్వం వాళ్ళొచ్చి సరిచూసి వెళ్ళారు కోచ్."

మొదట క్యాంపర్ ట్యాంకులో నీళ్ళు వదిలేశారు. వాటి బరువు చాలావరకు క్యాంపర్ చక్రాల మీదే ఉంది కనుక కాటా మీద అరవై మాత్రమే తగ్గింది. తర్వాత డెల్మర్ కూర్చున్నచోటి నుంచే దర్జాగా నడీన్ అల్లిక సంచీ, రెండు నవలలు, ఆమె పచ్చడి సీసా తీసి గార్విన్ చేత గోడ దగ్గర పెట్టించాడు. అంకె కదల్లేదు.

"ఇరవై పౌండ్లు మారితేగాని ఇది పట్టించుకోదు డెల్. నా ఊలు కోసం ఇంకా కిందికి దిగదు" అంది నడీన్ పక్క సీట్లోంచి.

ఇక తప్పదు. జట్టు మాజీ ఆటగాళ్ళు నలుగురు కలిసి ఇనుప డ్రమ్మును దించారు. నూట ఎనభై. జనరేటరు దించారు. ఎనభై. కట్టెలు ఒక్కొక్కటే దించుతుంటే డెల్మర్ అద్దంలోంచి వాటిని సొంత పిల్లల్ని బోర్డింగు బడికి పంపుతున్నట్టు చూశాడు. నూట నలభై. తొట్టి నున్నగా ఖాళీ అయింది. ఎర్ర అంకె ఏడువేల రెండు వందల నలభై దగ్గర ఆగింది. క్యాంపర్లో చూద్దామంటే మంచం, పొయ్యి, సోఫా అన్నీ మేకులేసి బిగించినవే.

"దించడానికి ఇంకేం లేదు" అన్నాడు గార్విన్.

"ఉంది" అంది నడీన్. తలుపు తీసుకుని తనే దిగి పక్కకు నిలబడింది. అంకె ఏడువేల ఒక వంద అయింది. "నేను నా కారులో వస్తే నువ్వు ఒక్కడివే నడపాలి. అయినా వంద ఎక్కువే."

బేకరీ ఆవిడ నములుతున్నది ఆపింది. నడీన్ మళ్ళీ ఎక్కి కూర్చుంది.

"డెల్, ఇప్పుడు నువ్వు దిగు."

"నేనా?"

"ఒక్క నిమిషమే."

డెల్మర్ దిగాడు. నిజంగానే ట్రక్కు హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టు ఒక మూల పైకి లేచింది. అంకెలు గిరగిరా తిరిగి, ఆరువేల తొమ్మిది వందల అరవై దగ్గర నిలిచాయి.

గోడ వారనున్న జనం చప్పట్లు కొట్టారు. కొట్టాక, దేనికి కొట్టారో తెలిసి ఆపారు. డెల్మర్ చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. పదకొండు వేల మూడు వందల పౌండ్లు లాగగల ట్రక్కుకు బరువైన వస్తువు తనేనని ఊరందరి ముందూ తేలింది. ముప్పై రెండేళ్ళు అతను కుర్రాళ్ళకు చెప్పిన మాట ఆ క్షణాన ఒక్కడైనా ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది, తిట్టి పోసేవాడు. ఎవరూ అనలేదు. హార్లన్ దగ్గరకొచ్చి భుజం తట్టి, "మా ఆవిడ ఎప్పుడూ ఇటు రాకుండా చూసుకోవాలి కోచ్" అన్నాడు మెల్లగా.

మర్నాడు ఉదయం ఎర్ర ట్రక్కు బ్రౌలీ వదిలి పడమరకు బయల్దేరింది. నడుపుతున్నది నడీన్. దాని వెనక క్యాంపర్. క్యాంపర్ వెనక నడీన్ చిన్న ఆకుపచ్చ కారు, అందులో మోకాళ్ళు స్టీరింగుకు ఆనించుకుని డెల్మర్. పెట్రోలు బంకు దగ్గర ఎవరో చెయ్యి ఊపితే చూడనట్టు అద్దం సర్దుకున్నాడు.

మొదటి వంద మైళ్ళూ కోపంలోనే గడిచాయి. ఫోను స్పీకరులో పెట్టుకుని, "ఎడమకు జరుగు. మరీ నెమ్మది. ఆ లారీని దాటు" అని ఆట మైదానం పక్కన నిలబడి అరిచినట్టు చెబుతూనే ఉన్నాడు. "సరే కోచ్" అని నడీన్ అనడం, యాభై అయిదు మైళ్ళ వేగం మీద అలాగే పోవడం. ఆమె అతన్ని కోచ్ అన్నదంటే కోపం వచ్చినట్టు లెక్క. వాలెంటైన్ అనే ఊళ్ళో ఆగి, మాంసం, క్యాబేజీ కూరిన రొట్టెలు ఎవరి బండిలో వాళ్ళు కూర్చుని తిన్నారు.

ఆ తర్వాత ఇసుక గుట్టల మధ్య గాలి మొదలైంది. ఆ ప్రాంతంలో గాలికి అడ్డం ముళ్ళకంచె ఒక్కటే. పక్క నుంచి ఈడ్చి కొడుతోంది. డెల్మర్ చిన్న కారే అటూ ఇటూ ఊగుతోంది. ఎదురుగా పశువుల లారీ ఒకటి దూసుకొచ్చి దాటిపోయింది. అది దాటిన మరుక్షణం క్యాంపర్ తోక ఒకసారి కుడికి జరిగింది. తర్వాత ఎడమకు. తర్వాత ఇంకా ఎక్కువగా కుడికి, రోడ్డు అంచు గీత దాటి గడ్డి మీదికి.

ట్రక్కులో కూర్చుంటే ఇందులో సగమే తెలుస్తుంది. డెల్మర్‌కు వెనక నుంచి మొత్తం కనబడింది. ముప్పై అడుగుల ఇల్లు తన భార్యను పట్టి ఊపుతున్నట్టు కనబడింది. నోరు తెరిచాడు. జన్మలో మొదటిసారి అరవడానికి సలహా ఏదీ దొరకలేదు.

నడీన్ గట్టి బ్రేకు వెయ్యలేదు. వేసి ఉంటే ట్రక్కూ క్యాంపరూ కత్తెరలా మడతపడేవి. స్టీరింగు పక్కనున్న చిన్న మీటను వేలితో నొక్కింది. అది క్యాంపర్ చక్రాలను మాత్రమే పట్టి ఆపుతుంది. వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు బండి తిన్నగా సాగి, ఇంకొక్కసారి తోక విదిలించి, దారిలోకి వచ్చింది. అర మైలు పోయాక రోడ్డు పక్కన ఆగింది.

డెల్మర్ కారు దిగి పరుగెత్తాడు. ఆ మనిషి పరుగెత్తి పదిహేనేళ్ళయింది. ట్రక్కు తలుపు తీసేసరికి నడీన్ రెండు చేతులూ ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయి.

"దిగకు. కూర్చో. నీళ్ళు తాగు" అన్నాడు, నీళ్ళ సీసా కోసం వెతుకుతూ. సీసా ఆమె పక్కనే ఉంది.

"నిన్నటి సామాను కూడా ఉండుంటే?" అంది ఆమె.

"తెలుసు."

"నువ్వు పక్కన కూర్చుని ఇందాకటిలా దాటు, దాటు అంటుండుంటే?"

"తెలుసే నడీన్" అన్నాడు డెల్మర్. "వెనక నుంచి చూశాను కదా. నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

తర్వాత నడీన్ దిగింది, ఇద్దరూ ట్రక్కు నీడలో నిలబడ్డారు. గాలి హోరులో ఏడ్చినా వినబడదు. ఎవరైనా ఏడ్చారా లేదా అన్నది వాళ్ళిద్దరి విషయం. బయల్దేరేటప్పుడు డెల్మర్, "నలభై అయిదు మీద పో. వెనక ఎవడైనా హారన్ కొడితే వాడి సంగతి నేను చూస్తాను" అన్నాడు. మిగతా దారంతా అతని ఫోను నోరు మెదపలేదు.

సౌత్ డకోటా కొండల్లో దేవదారు చెట్ల కింద క్యాంపర్లు ఆగే మైదానంలో నెలరోజులు ఉన్నారు. ఆ నెల సంగతి చెప్పాలంటే ఒక్క మాట చాలు. డెల్మర్ మారిపోయాడు, కానీ ఏమీ మారలేదు. ఇదివరకు దమ్ము గురించి ఉపన్యాసాలిచ్చేవాడు, ఇప్పుడు బరువు గురించి ఇస్తున్నాడు. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని మైదానమంతా తిరిగేవాడు. కొత్తగా ఏ ట్రక్కు వచ్చినా డ్రైవరు తలుపు తీసి లోపలి కాగితం చదివేవాడు.

"ఇది నా ట్రక్కండీ" అనేవారు జనం.

"అందుకే చదువుతున్నా. మీకు ఎవరూ చెప్పలేదు కదా" అనేవాడు డెల్మర్.

"డెల్, ఆ తలుపు మూసి ఇలా రా!" అని నడీన్ రోజుకు మూడుసార్లు కేకెయ్యాల్సి వచ్చేది. రెండో వారానికల్లా అతను వస్తుంటే జనం ట్రక్కులకు తాళాలు వేసుకోవడం నేర్చుకున్నారు.

ఆఖరి వారం అయొవా నుంచి మెర్ల్ అనే అతను దిగాడు. ట్రక్కు డెల్మర్ దాని కన్నా చిన్నది, క్యాంపర్ మాత్రం వోండ్రాల దాని కన్నా మూడడుగులు పొడవు. ట్రక్కు తొట్టి నిండా చేపల వేట సరంజామా, పైన ఒక పడవ. వెనక భాగం నేలను నాకుతోంది.

"బ్రహ్మాండంగా లాగుతుంది. అమ్మినవాడే చెప్పాడు" అన్నాడు మెర్ల్.

"తెల్లటి పళ్ళున్నవాడేనా?" అన్నాడు డెల్మర్.

మెర్ల్ నవ్వాడు. ఎంత చెప్పినా నవ్వుతూనే ఉన్నాడు. "వెనక ఎవడు చూస్తాడండీ? దారిలో కాటాలేమైనా పెట్టారా?" అన్నాడు. అతని భార్య ఆర్డిత్ పొట్టి మనిషి, మాటల పుట్ట. ఆమె మాత్రం నవ్వలేదు. ఇసుక గుట్టల మధ్య జరిగిందంతా డెల్మర్ చేత రెండుసార్లు చెప్పించుకుంది. తోక ఎటు జరిగింది, ఎన్నిసార్లు, గడ్డి మీదికి ఎంత దూరం పోయింది, అన్నీ అడిగింది.

వోండ్రాలు తిరుగు ప్రయాణమయ్యే రోజునే వాళ్ళూ బయల్దేరారు. నడీన్ ట్రక్కు ఎక్కింది. డెల్మర్ కారులో కూర్చుని సీటు వెనక్కి జరుపుకుంటుండగా అవతలి తలుపు తెరుచుకుంది. ఒళ్ళో పెద్ద సంచీ పెట్టుకుని ఆర్డిత్ ఎక్కి కూర్చుంది.

"షాడ్రన్‌లో మా చెల్లెలుంది. అక్కడిదాకా మీతో వస్తాను."

"మరి మీ ఆయన?"

"ఆయనకు దమ్ముందిగా, ఒక్కడే వస్తాడు. నా బరువు తగ్గితే ఆయనకూ మంచిదే."

మెర్ల్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆర్డిత్, ఇదేం తమాషా? నలుగురూ చూస్తున్నారు, దిగు!" అని అరిచాడు. నలుగురూ నిజంగానే చూస్తున్నారు. ఆమె బెల్టు పెట్టుకుంది. డెల్మర్ అతని ముఖం చూసి, ఆ ముఖం ఎక్కడో చూసినట్టే అనిపించి, జాలిపడి చూపు తిప్పుకున్నాడు.

ఎర్ర ట్రక్కు కదిలింది. ఆకుపచ్చ కారు దాని వెనకే పోయింది. మైదానం గేటు దాటక ముందే ఆర్డిత్ సంచీ విప్పి, వేయించిన బఠానీలు తీసి, తన చెల్లెలి మోకాలి ఆపరేషను గురించి మొదలుపెట్టింది. షాడ్రన్ ఇంకా ఎనభై మైళ్ళుంది. ఓ పది మైళ్ళు పోయాక ఊపిరి పీల్చుకోవడానికి ఆగి, ఇటు తిరిగి అడిగింది.

"అన్నట్టు అడగడం మరిచాను. అంత చక్కటి ట్రక్కు పెట్టుకుని మీరు ఈ అగ్గిపెట్టెలో ఎందుకు పోతున్నారు?"

వాలెంటైన్‌లో, బంకుల దగ్గర, మైదానంలో ఎందరో అడిగిన ప్రశ్నే అది. నడుం నొప్పి అనీ, నడీన్‌కు ట్రక్కు సరదా అనీ రకరకాలుగా చెప్పుకొచ్చాడు. ముందు క్యాంపర్ తోక తిన్నగా, తాడు కట్టి లాగినట్టు పోతోంది. దాని మీదనుంచి చూపు తిప్పకుండా డెల్మర్ అన్నాడు:

"నేను రెండు వందల ఎనభై పౌండ్లమ్మా. ఆ ట్రక్కులో ఎక్కితే నేనే ఎక్కువవుతాను."

ఆర్డిత్ అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"అంత ఉంటారనుకోలేదు" అంది మర్యాదగా. బఠానీల పొట్లం అతని వైపు జరపబోయి, ఒక్క క్షణం ఆలోచించి, తన ఒళ్ళోనే పెట్టుకుంది.